అత్తమ్మ కొలతకు కట్టిన గట్టు

రేపు పొద్దున మా వంటింటి గట్టును పగలగొట్టడానికి పనివాళ్లు వస్తారు. ఆ సంగతి ఖాయమైనప్పటి నుంచి నాకు ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు. పోపుల డబ్బా ముందు గదిలో ఏదో అట్టపెట్టెలోకి పోయింది, చింతపండు ఎక్కడుందో కోడలికే తెలియదు, నేను మాత్రం ఏదో పారేసుకున్నదానిలా ఆ గదికీ ఈ గదికీ తిరిగి తిరిగి చివరికి వంటింట్లోకే వచ్చి ఆగుతున్నాను. కోడలు ఫోనులో తెల్లటి క్వార్ట్జ్ బండలు, పొగ పీల్చే చిమ్నీలు, వేలితో నొక్కితే తెరుచుకునే అరలు చూపించి "అత్తమ్మా, గిది మంచిగుందా, గది మంచిగుందా" అని అడుగుతుంది. నా కంటికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయంటే చిన్నబుచ్చుకుంటుందని ఒకసారి ఇదీ, ఇంకోసారి అదీ బాగుందంటున్నాను.

మన ఈడు వాళ్లకు కిరాయి ఇళ్ల వంటగదుల సంగతి వేరే చెప్పాలా? నల్గొండలో మేము మారిన ఇళ్లలో ఒకదాంట్లో పొయ్యి సరిగ్గా కిటికీ కింద ఉండి గాలికి మంట నిలిచేది కాదు, మరొకదాంట్లో గట్టు ఎంత ఎత్తంటే కూర ఉడికిందో లేదో మునివేళ్ల మీద లేచి చూడాలి, ఇంకోదాంట్లో అసలు గట్టే లేదు. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ల ముఖం చూడాలి. అందుకే తెలంగాణ వచ్చిన కొత్తలో, ఊరి చివర కొనుక్కున్న జాగాలో సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు, తక్కిన గదులు ఎట్లా ఉన్నా సరే, వంటింటి గట్టు మాత్రం నేను చెప్పినట్టే కట్టాలని మా ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

మా అత్తమ్మ అప్పటికే ఊళ్లో గొర్రెలన్నీ అమ్మేసి మా దగ్గరికి వచ్చి ఉంటోంది. బతుకంతా మంద వెంట తిరిగిన మనిషి ఆమె. ఎండాకాలం మేత కోసం కృష్ణ ఒడ్డు దాకా పోయి, మంద ఎక్కడ ఆగితే అక్కడే మూడు రాళ్లు పెట్టి, గొంతుకూర్చుని జొన్న రొట్టెలు కొట్టిన చేతులు ఆమెవి. బండలు చూడటానికి పోతున్నామంటే నేనూ వస్తానని ఆటో ఎక్కింది. నేను నున్నగా మెరిసే నల్ల గ్రానైటు ముందు నిలబడి, దీని మీద మరక పడితే కనబడుతుందా, కనబడితే మంచిదా, కనబడకపోతే మంచిదా అని తేల్చుకోలేక సతమతమవుతుంటే, ఆమె ఒక్కో బండ దగ్గర ఆగి, కొంగుతో దుమ్ము తుడిచి, రొట్టె కొట్టినట్టు అరచేత్తో తట్టి చూస్తూ పోయింది. దుకాణంలో వాళ్లు నవ్వుకున్నారు, నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి ఇద్దరమూ ఆ నల్లదాని దగ్గరే ఆగాం, నేను మెరుపు చూసి, ఆమె చప్పుడు విని.

మా మేస్త్రీకి ఒక పద్ధతి ఉండేది. గట్టు కట్టే ముందు ఆ ఇంట్లో వండే మనిషిని గోడకు ఆనించి నిలబెట్టి, నడుము దగ్గర బొగ్గుతో గీత గీసి, ఆ గీత దాకా గట్టు లేపేవాడు. ఆ రోజు నేను అంగన్‌వాడీలో ఉన్నాను, మా ఆయన ఆఫీసులో ఉన్నాడు, గోడలకు నీళ్లు పట్టడానికని అత్తమ్మ ఒక్కతే అక్కడుంది. "వంట జేసేదెవలమ్మా" అని మేస్త్రీ అడిగాడట. ఆమె కొంచెం కూడా తడుముకోకుండా "నేనే" అని, కొంగు నడుముకు దోపుకుని గోడకు ఆని నిలబడిందట. అన్నమూ కూరలూ నేను వండేదాన్ని, రొట్టెలు మాత్రమే ఆమె చేసేది. అయినా ఆమె లెక్కలో రొట్టె తప్ప తక్కినదేదీ వంట కాదు.

అత్తమ్మ పొట్టి మనిషి, పైగా వయసుకు వంగిన మనిషి. సాయంత్రం నేను పోయి చూసేసరికి గట్టు నాకు బెత్తెడు కిందికి ఉంది. ఇల్లంతా అదిరేటట్టు అరిచాను. గృహప్రవేశం కానియ్యి, తర్వాత పగలగొట్టించి మళ్లీ కట్టిద్దామని మా ఆయన బుజ్జగించాడు. పాలు పొంగించిన మరునాడే అత్తమ్మ ఆ గట్టు ముందు నిలబడి రొట్టెలు కొట్టింది. "నిలవడి రొట్టె కొట్టుడు గింత సుకముంటదని నాకెర్కలేకుండె బిడ్డా" అంది. ఆమె ఒంటికి కొలత తీసి ఎవరైనా ఒక వస్తువు చేసిపెట్టడం అదే మొదటిసారేమో అని నాకు అప్పుడే తట్టింది. తట్టినా కోపం మాత్రం పోలేదు. వానలు పోయాక చూద్దామనీ, ఎండలు తగ్గాక చూద్దామనీ అంటూనే, నడుము నొప్పికి గోలీలు వేసుకుంటూ, గట్టును తిట్టుకుంటూ వంగి వండుతూనే ఉన్నాను. ఆమె పోయిన తర్వాత పగలగొట్టించడానికి అడ్డేమీ లేకపోయినా ఎందుకో మనసొప్పలేదు.

ఇప్పుడు వండేది కోడలు. నాకంటే పొడగరి. పొద్దుటి వంట అయ్యేసరికి నడుము పట్టుకుని కూర్చుంటుంది, గట్టు మార్చాలని ఆమె అనడంలో తప్పేమీ లేదు. మాడ్యులర్ కిచెన్ చేసే మనిషి వచ్చి గోడలు, మూలలు, చివరికి సిలిండరు పెట్టే జాగా కూడా కొలిచాడు. మరి గట్టు ఎత్తెంత అని అడిగితే "అది కంపెనీ సైజే అమ్మా, అందరికీ ఒక్కటే వస్తది" అన్నాడు. నాకు ఈ తిరుగుడు పట్టుకున్నది అప్పటి నుంచే.

ఇవాళ పొద్దున, ఆఖరిసారి కదా అని జొన్నపిండి కలిపి గట్టు ముందు నిలబడ్డాను. రొట్టెలు సగం అయ్యేదాకా నాకు తెలియనే లేదు, నేను వంగడం లేదు. నడుము నొయ్యడం లేదు. గట్టు సరిగ్గా నాకు అమరింది. అదేమీ పైకి లేవలేదు, వయసు మీద పడి నేనే కిందికి దిగాను. ఇన్నేళ్లు తిట్టుకున్న గట్టు నా కొలతకు వచ్చేసరికి దాన్ని పగలగొట్టే రోజు వచ్చింది. పిండి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను.

గడప దగ్గర కోడలు ఎంతసేపటి నుంచి చూస్తోందో. "పనోళ్లను ఒద్దని చెప్పాల్నా అత్తమ్మా" అంది మెల్లగా. అవునందామని మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ అడగడం కూడా ఆమె ఒక చెయ్యి నడుముకు పెట్టుకునే అడిగింది.

"రానియ్యి బిడ్డా," అన్నాను. "కని కంపెనీ సైజని నాకు జెప్పొద్దను. ముందుగాల నిన్ను గోడకు నిలవెట్టి గీత గియ్యమను."

ఇప్పుడు ఎవరి ఇంటికి పోయినా వంటిళ్లు అద్దంలా మెరుస్తున్నాయి, గోడలకు మసి లేదు, కంటికి పొగ లేదు. వాటిలో నిలబడి వండేదెవరని అడిగే మేస్త్రీలు మాత్రం లేరు. రేపు ఆ వచ్చే మనిషి అడగకపోతే నేనే అడుగుతాను. అడిగితే కోడలు మా అత్తమ్మలాగా కొంగు దోపుకుని, తడుముకోకుండా "నేనే" అంటుందో లేదో. ఆ మాట వినేదాకా నాకు కాలు నిలవదు.