ఓడితే మార్చుదాంలే

నా చిన్నప్పుడు, చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో, మా బడికి సాఫ్ట్‌బాల్ వచ్చింది. అంతకుముందు మాలో ఎవరూ ఆ ఆట చూసి ఎరగరు. మా డ్రిల్లు టీచరమ్మ తిరుపతిలో కొన్నాళ్ళు శిక్షణకు పోయి వచ్చి, ఒక బ్యాటు, రెండు బంతులు, బంతి పట్టడానికి చేతికి వేసుకునే తోలు తొడుగులు కాసిన్ని ముందర పెట్టుకుని మాతోపాటే నేర్చుకుంది.

ఆ ఆటలో తొమ్మిదిమంది ఒకరి తర్వాత ఒకరు బ్యాటు పట్టాలి. బంతిని కొట్టి, నాలుగు మూలల్లో ఉన్న బేసులు చుట్టి వస్తే ఒక పరుగు, ముగ్గురు అవుటైతే ఇన్నింగ్సు అయిపోయినట్టు. ఎవరి తర్వాత ఎవరు అన్నది ఆట మొదలుకాకముందే అంపైరుకు చెప్పేయాలి. ఇక మధ్యలో మార్చడానికి వీల్లేదు. టీచరమ్మ పెద్దగా ఆలోచించలేదు. పొద్దున ప్రార్థనలో ఎలా నిలబెడుతుందో అలాగే నిలబెట్టింది, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. మా బడిలో నులిపురుగుల మాత్ర పంచినా, ఫోటో తీసినా అదే వరుస. అలా అందరికంటే ముందు నేను నిలబడ్డాను. అందరికంటే వెనక పక్కింటి అక్క.

అక్క పదో తరగతి. వాళ్ళ నాయనకు బజారువీధిలో దర్జీ అంగడి ఉండేది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఆమె కొడితే బంతి బడిగోడ దాటేది. దాన్ని వెతుక్కుని రావడం పొట్టివాళ్ళ పని. జిల్లా జట్టుకు ఎంపికైతే తిరుపతిలో హాస్టల్లో పెట్టి చదివిస్తానని వాళ్ళ నాయన మాట ఇచ్చాడు. లేదంటే పది అయిపోగానే కుట్టుమిషను ముందు కూర్చోవాలి. ఆ సంగతి మా జట్టులో అందరికీ తెలుసు.

నాకు అప్పటికే శాఖా గ్రంథాలయం పిచ్చి పట్టి ఉంది. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేకపోయినా, దొరికినదల్లా చదివేదాన్ని. అక్కడ అట్ట ఊడిపోయిన ఆటల పుస్తకం ఒకటి దొరికింది. బాగా కొట్టేవాళ్ళను మొదటి నలుగురిలో ఉంచాలని, చివర ఉన్నవాళ్ళకు బ్యాటు తక్కువసార్లు అందుతుందని అందులో రాసి ఉంది. చదివి నాకు నిద్రపట్టలేదు. మా వరుస తలకిందులుగా ఉంది. అయినా మేం వరసగా గెలుస్తున్నాం!

ఆఖరి మ్యాచి తిరుపతిలో. ఎంపిక చేసే పెద్దలు వచ్చి చూసేది అదొక్కటే. గ్రౌండు దగ్గర బస్సు దిగాక ధైర్యం చేసి టీచరమ్మకు పుస్తకంలో చదివిన మాట చెప్పాను. ఆమె కసురుకోలేదు. శ్రద్ధగా విని, అందరినీ పిలిచి అడిగింది. పిల్లలందరూ ఒక్కసారిగా గోల పెట్టారు. గెలిచిన వరుసను కదిలిస్తే అరిష్టమన్నారు. అందరికంటే గట్టిగా వద్దన్నది అక్కే.

"ఏం మే పొట్టీ, మీ లైబ్రరీ పుస్తకం ఎప్పుడన్నా బ్యాటు పట్టిందా? బాగుండేదాన్ని ఎందుకు కెలకతావు?" అని నా జడ లాగింది.

అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వి, "ఓడితే మార్చుదాంలే మే. ఇప్పుడు పిల్లోళ్ళు కుశాలగా ఉండారు," అంది. నేను తలూపాను. అంతకంటే ఏం చేయగలను?

ఎండ ముదురుతోందని ఆటను ఐదు ఇన్నింగ్సులకు కుదించారు. అక్క మొదటిసారి బ్యాటు పట్టినప్పుడు, ఆ పొడుగూ ఆ భుజాలూ చూసి జడిసిన అవతలి పిల్ల నాలుగు బంతులూ దూరంగా విసిరింది. అలా నాలుగు విసిరితే ఊరికే పోనివ్వాలి కాబట్టి, అక్క బ్యాటు తిప్పకుండానే నడిచి మొదటి బేసుకు చేరింది. ఆమె తర్వాత వరుస మళ్ళీ మొదటికి వచ్చి నా వంతు. నేను కొట్టిన బంతి నా కాళ్ళ దగ్గరే దొర్లింది. నేను అవుటై, ఆ ఇన్నింగ్సు ముగిసింది. అక్క అక్కడే నిలబడిపోయింది.

ఆఖరి ఇన్నింగ్సులో మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఇద్దరు అవుటయ్యారు. మాలో ఒకమ్మాయి రెండో బేసు మీద ఉంది. ఎనిమిదో పిల్ల బ్యాటు పట్టింది. దాని వెనక అక్క, రెండోసారి తన వంతు కోసం, రెండు చేతులా బ్యాటు బిగించి, మడమలు ఎత్తి నిలబడింది. అక్క వెనక నేను. నా కళ్ళ ముందు ఆమె వీపు చెమటతో తడిసిపోతోంది. ఎనిమిదో పిల్ల కొట్టిన బంతి నిట్టనిలువుగా పైకి లేచింది. అది కిందికి దిగి అవతలి పిల్ల తొడుగులో పడేదాకా అందరం తలలెత్తి చూశాం. అక్క మడమలు మెల్లగా నేలకు ఆనాయి.

టీచరమ్మ పెద్దల దగ్గరికి పరుగెత్తింది. ఈ పిల్ల కొట్టేది ఒక్కసారి చూడండి సార్ అని బతిమాలింది. వాళ్ళు కుర్చీలు మడిపిస్తూ, మ్యాచిలో చూసిందే లెక్కమ్మా అన్నారు. వాళ్ళనూ తప్పుపట్టలేను.

ఇంక మార్చడానికి మ్యాచి ఏదీ మిగల్లేదు.

చిత్తూరులో బస్సు దిగాక టీచరమ్మ తన ఇంటికి పోలేదు. అక్కతో, నాతో కలిసి బజారువీధికి వచ్చి, అంగడి ముందు చెప్పులు విడిచి, అక్క వాళ్ళ నాయనతో, "మీ పాప ఓడలేదప్పా. గెలస్తా ఉన్నాం కదా అని వరుస మార్చేదానికి నాకు భయమేసింది. అదీ జరిగింది," అంది. పెద్దవాళ్ళు అలా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. ఆయన స్టూలు వేసి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "మీరొచ్చి చెప్పినారు, అదే సంతోషం టీచరమ్మా," అన్నాడు. అంతే. ఆ వేసవిలోనే అక్క మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ పుస్తకం వరుస ఎలా ఉండాలో చెప్పింది కానీ, ఎప్పుడు మార్చాలో చెప్పలేదు. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా దానికి జవాబు దొరకలేదు. ఇప్పుడు ఆదివారాలు మా వీధి పిల్లలను కూర్చోబెట్టి కథలు చదివిస్తాను. ఒక్కొక్కరూ ఒక్కో పేజీ. మొన్న అందరూ హాయిగా చదువుతుంటే ఆపి, ఎప్పుడూ తన వంతు రాకముందే కథ అయిపోయే, చివర కూర్చున్న పిల్లను ముందుకు రమ్మన్నాను. మిగతావాళ్ళు మూతులు ముడిచారు. "బాగానే ఉండాది గదా పెద్దమ్మా, ఎందుకు మార్చేది?" అని ఒకడు నిలదీశాడు.

వాడికి నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. ఆ పిల్ల ముందుకొచ్చి పేజీ తిప్పేదాకా మాత్రం కథ మళ్ళీ మొదలుపెట్టనివ్వలేదు.