బెంచీలు తీసేసిన హోటల్

పోయిన వారం కోదాడ నుంచి మిర్యాలగూడలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, స్టేషన్ రోడ్డులో ఒకప్పుడు మా హోటల్ ఉన్న చోట కాసేపు ఆగాను. ఇప్పుడక్కడ అద్దాల తలుపుల సెల్‌ఫోన్ల దుకాణం ఉంది; దాని ముందు బండి దగ్గర కాలేజీ పిల్లలు నిలబడి నూడుల్స్ తింటూ నవ్వుకుంటున్నారు. వాళ్లు నిలబడి తినడం చూసి నేను గబగబా ముందుకు నడిచాను. ఇంటికొచ్చి పాత డైరీ తీశాను గాని హోటల్ రోజుల నాటి ఆ పేజీ తెరవలేదు, అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు.

ఎనభైల చివర్లో నాన్న హోటల్ అంటే రేకుల కప్పు, నాలుగు పొడుగు బెంచీలు, ఉప్మా, పూరీ, పొద్దున్నే రైసు మిల్లుల నుంచి తౌడు వాసనతో వచ్చే హమాలీలు. వాళ్లు తలగుడ్డ విప్పి, వెన్ను గోడకు ఆనించి, ముందు ఒక నిట్టూర్పు విడిచి ఆ తర్వాతే ప్లేటు అందుకునేవాళ్లు. ఇంటరు చదివే నేను మనుషుల ఎదుటపడలేక, వెనక వాకిట్లో నీళ్ల తొట్టి పక్కన మెట్టు మీద కూర్చుని లైబ్రరీ నవలలు చదువుకునేదాన్ని.

తొంభైలు మొదలయ్యాక నాన్న సూర్యాపేటలో మా మేనమామ ఇంటికి వెళ్లి, హైవే మీద కొత్తగా పెట్టిన ఫాస్ట్‌ఫుడ్ చూసి వచ్చాడు. బస్సు పది నిమిషాలు ఆగితే జనం దిగి, ఎత్తు బల్లల చుట్టూ నిలబడే తిని పోతున్నారట. నెల తిరక్కుండా నాన్న బెంచీలు అమ్మేసి, ఛాతీ ఎత్తు రాతి బల్లలు వేయించి, ఎర్ర అక్షరాల బోర్డు కట్టించి, ఆ రోజు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. నాన్నను అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు.

మూడో రోజున పెద్ద హమాలీ చేయి కడుక్కోవడానికి తొట్టి దగ్గరకొచ్చి, నన్ను గమనించక తోటివాడితో అన్నాడు: "పొద్దుగాల సంది నెత్తిన బస్తాలేనాయె. బుక్కెడు తినేటప్పుడన్న కూసోవద్దారా? గుర్రాలమా, నిలవడి మేసేటందుకు?"

"గుర్రానికన్న లాయముంటది పెద్దయ్యా. సేటుకు చెప్పరాదు మరి?"

"కొత్తంగి ఏసుకొని మురుస్తుండు పాపం. నేనేం చెప్త తియ్యి."

సూర్యాపేటలో దిగేవాళ్లు గంటల తరబడి బస్సులో కూర్చుని వచ్చినవాళ్లు, మావాళ్లు గంటల తరబడి మోసి వచ్చినవాళ్లు. ఆ మెట్టు మీదే నాకిది అర్థమైంది. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. నాన్నకు చెప్పలేదు.

హమాలీలు ఒక్కొక్కరే ఎదుటి పక్క, చాపలు పరిచిన ముసలమ్మ గుడిసెకు మళ్లారు. నాన్న నూనె మార్చాడు, వంటమనిషిని మార్చాడు, ఎవరో వాస్తు బాగాలేదంటే తలుపు కూడా మార్చాడు. ప్రతిసారీ డైరీ చేతబట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆయన ఆ బల్లలను తడిగుడ్డతో తుడుచుకోవడం చూసి, వెనక్కి వచ్చేదాన్ని.

రెండో ఏడు హోటల్ మూతపడింది. నాన్న ఒక మిల్లులో కాటా గుమాస్తాగా చేరి, దినమంతా కాటా పక్కన నిలబడి, ఇంటికొస్తూనే గోడకు ఆనుకుని కూలబడేవాడు. ఒకనాడు అట్లాగే కంచం ఒళ్లో పెట్టుకుని, "కూసోని తింటెనే బువ్వ ఒంటికి పడ్తది బిడ్డా" అన్నాడు.

"గీ ఎరుక బెంచీలమ్మేనాడు ఏడబాయె?" అంది అమ్మ, మామూలు ఎత్తిపొడుపుగానే.

నాన్న నవ్వబోయాడు. కంచంలో చేయి ఆగిపోయింది. "ఒక్కలన్న చెప్తే మళ్ల ఏయించకపోదునా" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

నేను మంచినీళ్లు తెచ్చే నెపంతో లేచి వెళ్లాను. నాన్న పోయేదాకా కూడా చెప్పలేదు.

ఇప్పుడు మిల్లుల్లో బస్తాలు చాలావరకు బెల్టుల మీదే నడిచిపోతున్నాయట. రోడ్డు వెడల్పయింది, ముసలమ్మ గుడిసె లేదు, రోజంతా క్లాసుల్లో కూర్చున్న పిల్లలు సాయంత్రం నిలబడి తింటున్నారు. రోడ్డు మారిపోయింది గనుకే మీ నాన్న హోటల్ కూడా పోయిందని పెళ్లిలో చుట్టాలందరూ అన్నారు. అవునని తలూపాను.