చెన్నప్ప కాల్లో వజ్రం

వజ్రకరూరులో తొలకరి పడిందంటే చెన్నప్పను ఇంట్లో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలతాయి. వజ్రాలు వెదికేవాళ్లంతా చెప్పులు గట్టు మీద వదిలి చేలల్లోకి దిగుతారు, చెప్పులతో తొక్కితే భూమితల్లికి కోపమని. ముప్పై ఏళ్లుగా ఒట్టికాళ్లతో తిరిగిన చెన్నప్పకు ఆ తల్లి దయ తలచి ఇచ్చినవి రెండు గాజుపెంకులు.

పందొమ్మిది వందల అరవై ఏడు వానలకు మాత్రం ఆయన కుడి అరికాల్లో రాయి దిగింది. దిగిన సంగతి ఆయనకే తెలియదు. చక్కెర జబ్బుతో కాళ్లు మొద్దుబారి చాలా కాలమైంది. ఇంట్లో నెత్తుటి అడుగులు మొదట చూసింది భార్య బయమ్మ.

"ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి పారాణి పెట్టుకుంటివే!" అంటూనే కాలు పట్టుకుని పిన్నీసుతో రాయి లాగేసింది. రాయి వచ్చింది గానీ పుండు మానలేదు. బొటనవేలు నల్లబడింది. చెన్నప్పను తిట్టి, బతిమాలి, చివరికి అనంతపురం బస్సెక్కించింది.

"కాలికి రక్తం దిగడం లేదు," అన్నాడు డాక్టరు. "కాలవ పూడితే పక్కన ఇంకో కాలవ తీస్తారు చూడండి, అట్లా తొడలోంచి ఒక నాళం తీసి రక్తానికి కొత్త దారి వేస్తారు. మద్రాసు పోవాలి. ఆలస్యమైతే మోకాలి దాకా తీసేయాల్సిందే."

"వానలు పడతాంటే మద్రాసా? నేను పోను," అని చెన్నప్ప కుంటుతూ వరండాలోకి వెళ్లిపోయాడు.

కాలు పోయిన చెన్నప్ప బతికుండీ బతికున్నట్టు కాదని బయమ్మకు తెలుసు. పక్కన కూర్చుని చెవిలో గుసగుసగా చెప్పింది. "ఎవురికీ చెప్పొద్దన్నాడు డాక్టరు. పుండు లోపల ఇంకో రాయి ఉండాదంట. మెరుస్తాందంట. మద్రాసులో తప్ప తీయలేరంట."

చెన్నప్ప ఒకసారి పుండు వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. "రైలెప్పుడు?" అన్నాడు.

దారి పొడుగునా కాలికి తువ్వాలు చుట్టి, మూటలా ఒళ్లో పెట్టుకున్నాడు. టిక్కెట్ల ఆయన కాలు వైపు చూస్తే కళ్లెర్రజేశాడు. బయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ కొంగుతోనే కళ్లు తుడుచుకుంది.

మద్రాసు డాక్టర్లు బొటనవేలు తీసేశారు, కాలు నిలబెట్టారు. ఆపరేషనైన మర్నాడు బయమ్మ ఆ పాదం మీద చెయ్యి వేసింది. ఇన్నాళ్లూ నీళ్లకుండలా చల్లగా ఉన్న పాదం వెచ్చగా తగిలింది. ఇక ఆగలేక భోరుమంది.

"రాయీ లేదు, గీయీ లేదు. నీతో అబద్ధమాడినా," అంది.

"నాకు తెలుసులేవే. ముప్పై ఏండ్లు రాళ్లు చూసినోన్ని, నా కాల్లో ఏముండాదో నాకు తెలీదా?" అన్నాడు చెన్నప్ప. "శానా భయమేసింది బయమ్మా. భయపడి మద్రాసు పోతాండానని చెప్పుకోలేకపోతి. వజ్రం కోసమంటే మర్యాదగా ఉండాదని రైలెక్కేస్తి."

మరుసటేడు తొలకరికి చెన్నప్ప కొత్త చెప్పులతో కిర్రుకిర్రుమంటూ చేలోకి దిగాడు. వెదికేవాళ్లంతా నోళ్లు తెరిచారు.

"ఏమన్నా, భూమితల్లికి కోపం రాదా?" అని అరిచాడు ఒకడు.

"వస్తే నా పెండ్లాంతో మాట్లాడుకోమన్నా," అంటూ చెన్నప్ప రాళ్ల మీదికి వంగాడు.