ఛాయాదేవి టర్కీ మాటలు

ఛాయాదేవి టర్కిష్ నేర్చుకుంటోందని తెలిసినప్పుడు అమెరికాలో మా షామ్‌బర్గ్ ఊరి తెలుగువాళ్ళు పడీ పడీ నవ్వారు. ఇక్కడికొచ్చిన ఆడవాళ్ళు డ్రైవింగ్ నేర్చుకుంటారు, కేకుల మీద పువ్వులు వేయడం నేర్చుకుంటారు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి వీసా మారే రోజు కోసం ఎదురుచూస్తారు. ఈవిడేమో టర్కిష్! ఎవరికి పనికొస్తుందని? మాదీ ఆ అపార్ట్‌మెంట్లే, ఆవిడ ఇంటికి సరిగ్గా పైన. ఏం జరిగిందో మొదటినుంచీ చూసినదాన్ని. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, అందుకే రాస్తున్నాను.

ఆవిడది ఖమ్మం. ఇంగ్లీషు ఎం.ఏ. చదివి కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. అఖిల్‌ని పెళ్ళి చేసుకుని హెచ్-ఫోర్ అనే డిపెండెంట్ వీసా మీద వచ్చింది. అఖిల్ గ్రీన్ కార్డు పని ఒక మెట్టు ఎక్కేదాకా ఆవిడ ఉద్యోగం చేయకూడదు. ఆ మెట్టు ఎక్కించాల్సింది అఖిల్ పనిచేసే కన్సల్టెన్సీ యజమాని రాజ్. వీసా ఆయన చేతిలో, కార్డు ఆయన చేతిలో. అందువల్ల ఆయన భార్య సుమతి మా అందరికీ అక్క. ఆవిడ వండిన కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పిన మగాణ్ణి గానీ ఆడదాన్ని గానీ నేనింతవరకూ చూడలేదు.

ఛాయ పక్కింట్లో నెర్మిన్ అనే పెద్దావిడ ఉండేది. బుర్సా అనే ఊరి నుంచి వచ్చింది. భర్త పోయాక అక్కడి కుట్టు దుకాణం అమ్మేసి, ఒహాయోలో ఉన్న కూతురికి కాస్త దగ్గరగా ఉంటానని వచ్చి, కూతురింట్లో మాత్రం ఉండనని ఇక్కడ మకాం పెట్టిన మొండి మనిషి. ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒకరోజు కింద లాండ్రీ గదిలో, రాత్రిళ్ళు డ్రయ్యర్ ‘రన్’ చేయరాదని అంటించిన నోటీసు చూపించి, ఈ మాట తనకు పరుగెత్తడమని నేర్పారే, ఇక్కడేం చేస్తోందని ఛాయని అడిగింది. ఛాయలో పాఠాలు మరిచిపోయి కూర్చున్న మాస్టారమ్మ ఆ క్షణంలో లేచి నిలబడింది.

ఇంగ్లీషువాడు ఆ ఒక్క మాట చేత ఎంత చాకిరీ చేయిస్తాడో అప్పటిదాకా నేనూ పట్టించుకోలేదు. ముక్కు కారినా రన్నే, మిషన్ తిరిగినా రన్నే, దుకాణం నడిపినా, ఎన్నికల్లో నిలబడినా, చివరికి మేజోడు దారం జారి చీలిక పడినా రన్నే. టర్కిష్‌లో దేని మాట దానిదే. కాళ్ళతో పరుగెత్తితే కోష్మాక్. ముక్కు కారితే, నది పారితే అక్మాక్. మిషన్ తిరిగితే చలిష్మాక్, అంటే పనిచేయడం. మేజోడు జారితే కచ్మాక్, అంటే పారిపోవడం. మేజోడు ఎక్కడికి పారిపోతుందని ఛాయ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దుకాణాన్ని మనం నడిపిస్తాం, ఇంగ్లీషువాడు పరుగెత్తిస్తాడు, వాళ్ళు పనిచేయిస్తారు. చక్కెర అయిపోతే మా ఇళ్ళలో ‘నిండుకుంది’ అంటామని ఛాయ చెబితే, ఖాళీ డబ్బాని నిండిందనే మనుషులు ఎక్కడైనా ఉంటారా అని ఈసారి నెర్మిన్ నవ్వింది.

అలా మొదలైన ఆట మూడేళ్ళలో పెద్ద పనైంది. ఆ మాటకున్న ఒక్కో అర్థానికీ టర్కిష్ మాట వెతకడం, దానికో వాక్యం కట్టడం, ఆ వాక్యాన్ని నెర్మిన్ గొంతుతో రికార్డు చేయడం. వాక్యాలన్నీ వాళ్ళిద్దరి బతుకుల్లోంచి తీసినవే. తప్పుడు మాట పడితే నెర్మిన్ ఒప్పుకునేది కాదు. ఇద్దరూ అరుచుకునేవాళ్ళు, ఆ అరుపులు పైన నాకు వినబడేవి. అఖిల్ ఆదివారాలు కూర్చుని వెబ్‌సైట్ కట్టిపెట్టాడు. మొదటి పేజీలో తన పేరూ నెర్మిన్ పేరూ పక్కపక్కన ఉండాలని ఛాయ కోరిక. ఈ దేశంలో అడుగుపెట్టాక ఆవిడ తనకోసం కోరుకున్నది నాకు తెలిసి అదొక్కటే.

ఆ మాట రాజ్ ఇంట్లో ఒక భోజనాల రోజు బయటికొచ్చింది. సుమతి చేతిలో గరిటె ఆగిపోయింది.

“పేరు మాత్రం పెట్టకే తల్లీ! హెచ్-ఫోర్ మీద వెబ్‌సైట్ అంటే వర్క్ కింద లెక్కేస్తారు. రేపు అఖిల్ ఫైల్‌కి క్వెరీ వస్తే ఎవరు ఫేస్ చేస్తారు చెప్పు? కార్డ్ రానీ, అప్పుడు ఎంత పెద్ద అక్షరాలతో కావాలంటే అంత పెద్దగా వేసుకుందాం.”

పైసా రాని పనికి పేరు పెట్టుకుంటే తప్పేమిటో లాయర్‌ని అడగమని నేనన్నాను. కానీ మా వాళ్ళకు తెలిసిన లాయరు ఎప్పుడూ కంపెనీ లాయరే. ఆయన్ని అడిగితే సాయంత్రానికి రాజ్‌కి తెలుస్తుంది. రాజ్‌కి తెలిస్తే అఖిల్‌కి నిద్ర పట్టదు. కాబట్టి మా మధ్య సుమతి మాటే చట్టం. ఛాయ రెండు పేర్లూ తీయించేసింది. “అక్క మన మంచికే చెప్తది కదా గీతా” అంది నాతో. నెర్మిన్‌కి కూడా అలాగే నచ్చజెప్పింది.

ఆ వసంతంలో తెలుగు సంఘంవాళ్ళు పిల్లలకు సన్మానం పెట్టారు. ఛాయ, అఖిల్, నేను ఒకే కార్‌లో వెళ్ళాం. భాషల మీద హైస్కూలు పిల్లలకు జరిగిన పోటీలో మొదటి బహుమతి సుమతి కూతురు ఆద్యకి వచ్చిందని ప్రకటించారు. అందరితోపాటు ఛాయ చప్పట్లు కొట్టింది. తెర మీద వెబ్‌సైట్ వచ్చింది. పైన ఆద్య పేరు, ఆద్య ఫొటో. తర్వాత స్పీకర్లలోంచి నెర్మిన్ గొంతు వినిపించింది. భర్త పోయాక దుకాణం నేనే నడిపాను అనే వాక్యం అది. ఆ వాక్యం చెప్పిన రోజు నెర్మిన్ ఏడ్చిందనీ, అందుకే మూడుసార్లు రికార్డు చేయాల్సి వచ్చిందనీ ఛాయ నాకు అంతకుముందే చెప్పింది. పక్కకు చూస్తే ఛాయ చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయి ఉన్నాయి.

భోజనాల వరుసలో ఛాయ సుమతిని పట్టుకుంది. “ఏందక్కా ఇది?”

“అయ్యో, నీకు చెప్పలేదా? కాలేజ్ అప్లికేషన్స్ టైమ్ కదే. మా ఆద్యకి చూపించుకోడానికో పాషన్ ప్రాజెక్ట్ కావాలి. నీకెలాగూ పేరు అక్కర్లేదుగా!” అంటూ సుమతి ఆవిడ భుజం నిమిరింది. “అఖిల్‌ని అడిగే చేశాంలే. సైట్ తనే కదా ట్రాన్స్‌ఫర్ చేసింది!”

అంత నిబ్బరంగా అబద్ధమాడే మనుషుల్ని చూశాను గానీ, అంత నిబ్బరంగా నిజం చెప్పిన మనిషిని అదే చూడడం.

తిరుగు ప్రయాణంలో నేను వెనక సీట్లో కూర్చున్నాను. దిగిపోదామంటే హైవే. ఛాయ అఖిల్‌ని అడిగింది. “నాకెప్పుడు చెప్దామనుకున్నవ్?”

“కార్డ్ వచ్చాక” అన్నాడు అఖిల్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “రాజ్ అడిగితే నో అని ఎట్లంటా? ఈ ఇయర్ ఫైల్ చేస్తా అన్నాడు. ఫైల్ అయితే నీకే కదా వర్క్ పర్మిట్ వచ్చేది. నీ కోసమే చేశా ఛాయా.”

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సుమతి చేసినదానికి ఆవిడకు కోపం వచ్చింది, అంతే. అఖిల్ చేసినదానికి మాత్రం ఆవిడ లోపల ఏదో తెగిపోయింది.

మర్నాడు నెర్మిన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నెర్మిన్ అరవలేదు, అరిచి ఉంటే బాగుండేదని ఛాయ తర్వాత నాతో అంది. ఆవిడన్నది ఇంతే. “నా గొంతు నీకిచ్చాను. వాళ్ళకు కాదు. తీసుకొచ్చి ఇవ్వు.” ఛాయ ఎలా తెస్తుంది? పాస్‌వర్డ్ మారిపోయింది. అఖిల్‌ని అడిగితే, ఆద్య అడ్మిషన్లు అయ్యేదాకా ఆగమన్నాడు. ఆ రోజునుంచి నెర్మిన్ తలుపు తీయడం మానేసింది. సాయంత్రాలు టీ గ్లాసుతో వరండాలో కూర్చునే మనిషి లోపలే ఉండిపోయింది. ఛాయ రెండుసార్లు తలుపు కొట్టి, లోపల టీవీ గొంతు తగ్గడం విని, వెనక్కి వచ్చేసింది. నా కళ్ళముందే ఛాయ చిక్కి సగమైపోయింది.

ఇంతలో సుమతి ఇంకో ఘనకార్యం చేసింది. పోటీవాళ్ళు తర్వాతి దశకు ఇంటర్వ్యూ పెట్టారట, పిల్లకు కాస్త ఉచ్చారణ నేర్పమని ఆద్యను ఛాయ ఇంటికే పంపింది! అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ పిల్ల లాప్‌టాప్ తెరిచి, నెర్మిన్ మాటలు ఒక్కోటి అమెరికన్ యాసలో నమిలి నమిలి చదివింది.

“థాంక్యూ సో మచ్ ఆంటీ. మామ్ చెప్పింది, మీరు ఇది నాకు గిఫ్ట్ ఇచ్చారు అని.”

“గిఫ్ట్ ఇయ్యలేదమ్మా” అంది ఛాయ మెల్లగా. “నన్నెవరూ అడగలేదు.”

ఆద్య ముఖం పాలిపోయింది. ఆ పిల్లకు నిజంగా తెలియదు. “బట్ ఆల్రెడీ సబ్మిట్ చేశాను ఆంటీ. నౌ నేను ఏం చెప్పాలి వాళ్ళకి?” అని, మళ్ళీ అదే మాట పలికి, సరిగ్గా ఉందా అని అడిగింది. ఛాయ సరిదిద్దింది. మాస్టారమ్మ కదా, తప్పు వింటూ ఊరుకోలేకపోయింది. పిల్ల వెళ్ళిపోయాక సింకు దగ్గర నిలబడి అప్పుడు ఏడ్చింది.

ఆ వారమే ఛాయ పోటీవాళ్ళకు మెయిల్ పంపింది. పనిచేసింది తనూ నెర్మిన్ అనీ, ఆ గొంతు తీసేయాలనీ రాసి, తన ఫోన్‌లో మిగిలిన రికార్డింగులన్నీ జతచేసింది. ఎవర్నీ తిట్టలేదు. అఖిల్‌కి చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

బహుమతి వెనక్కి పోయింది. వెబ్‌సైట్ మూతపడింది. నెర్మిన్ గొంతు నెర్మిన్‌కి తిరిగొచ్చింది, ఒకరోజు తలుపు తీసి ఛాయని లోపలికి రమ్మంది కూడా. కానీ మళ్ళీ రికార్డు చేద్దామా అంటే, వద్దని తల అడ్డంగా ఊపింది. సుమతి మమ్మల్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేసింది, నాకు అది పండగే. రాజ్ మాత్రం గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. ఈ ఏడు గ్రీన్ కార్డు ఫైలింగ్ కుదరదని అఖిల్‌కి నవ్వుతూ చెప్పాడు.

ఆ శనివారం మధ్యాహ్నం నేను కరివేపాకు కోసం కింద ఛాయ ఇంటికి వెళ్ళేసరికి అఖిల్ డైనింగ్ టేబుల్ దగ్గర తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కూడా మాట ఆపలేదు.

“బయటివాళ్ళు ముంచితే ఎట్లనో తట్టుకుంటా. ఇంట్లో మనిషే నా వెనకాల, నాకొక మాట చెప్పకుండా ఇట్ల చేస్తే, నేనెవరికి చెప్పుకోవాలె ఛాయా?”

ఛాయ స్టవ్ ఆపింది. చేతులు తుడుచుకుని వచ్చి అతనికెదురుగా కూర్చుంది.

“అదే నేనూ వెతుకుతున్న అఖిల్” అంది. “నీకు దొరికితే నాకూ చెప్పు.”