అత్తకు నోటి నుంచి, కోడలికి మెడ మీద

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా నన్ను కరీంనగర్‌లోని ఒక బోధనాసుపత్రికి సర్జరీ ప్రొఫెసర్‌గా వేశారు. కరోనా సద్దుమణిగి మామూలు ఆపరేషన్లు మళ్లీ ఊపందుకున్న రోజులవి. థైరాయిడ్ ఆపరేషన్ నేను ఒకే పద్ధతిలో చేసేవాణ్ని: మెడ ముడత వెంట అడ్డంగా కోసి, కంటితో చూస్తూ, వేలితో తడుముతూ గ్రంథిని తీయడం. నా యూనిట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన డాక్టర్ సమీరా ఇంకో పద్ధతి నేర్చుకుని వచ్చింది. కింది పెదవి లోపల మూడు చిన్న గాట్లు పెట్టి, గడ్డం మీదుగా కెమెరాను, పరికరాలను మెడలోకి పంపి, తెర మీద చూస్తూ తీస్తారు. మెడ మీద మచ్చ ఉండదు.

ఆ వానాకాలం సిరిసిల్ల నుంచి మరమగ్గాలు నడిపే ఇంటి అత్తాకోడళ్లు కలిసి ఓపీకి వచ్చారు. అత్త రాజవ్వ మెడలో ఉసిరికాయంత గడ్డ. అది క్యాన్సరా కాదా అన్నది సూది పరీక్షలో తేలలేదు. గ్రంథిలో గడ్డ ఉన్న సగాన్ని తీసి పరీక్షకు పంపాలి. కోడలు స్వరూపకు గడ్డ రెండు వైపులా పెరిగి, ఛాతీ ఎముక వెనక్కి దిగి, శ్వాసనాళాన్ని నొక్కుతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు.

సమీరా రెండు పద్ధతులూ వివరించగానే రాజవ్వ తీర్పు చెప్పేసింది.

“గా నోట్లకెంచి చేసుడు నా కోడలికి చెయ్యుండ్రి సారూ. పడుసుపిల్ల. నా మెడ ఎవలు సూస్తరు? నాకు యాడ కోసినా ఫికర్ లేదు.”

కుదరదన్నాం. అంత పెద్ద గడ్డ నోటి దారిన బయటికి రాదు. ఎముక వెనక్కి దిగిన భాగాన్ని వేలితోనే పైకి లాగాలి. రాజవ్వ గడ్డ చిన్నది కాబట్టి ఆమెకైతే నోటి దారి సరిపోతుంది. ఆమెకు కోపం వచ్చింది.

“ముసల్దానికి సోకు, పిల్లకు మచ్చనా? గిదేం నాయం?”

స్వరూప నవ్వింది. “అత్తమ్మా, నాకు ముందుగాల ఊపిరి ఆడాలె. మచ్చ సంగతి అటెన్క సూద్దాం.”

నా బెంగ వేరు. గ్రంథి వెనక దారప్పోగంత నరం ఒకటి స్వరపేటికకు పోతుంది. అది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. మా ఆసుపత్రిలో నోటి పద్ధతికి ఇదే మొదటి కేసు. నరం తెర మీద స్పష్టంగా కనపడకపోతే మెడ కోయాల్సి వస్తుందని రాజవ్వకు ముందే చెప్పి ఒప్పించాం.

స్వరూప ఆపరేషన్ నేను చేశాను. ఇబ్బంది లేకుండా అయింది. రాజవ్వ వంతుకు హోదాలు తారుమారయ్యాయి. సమీరా సర్జన్, కెమెరా పట్టుకునే సహాయకుణ్ని నేను. సగంలో ఒక రక్తనాళం తెగి తెరంతా ఎర్రబడింది. మెడ తెరుద్దామా అన్నాను. “ఒక్క నిమిషం సార్,” అంది సమీరా. గాజుగుడ్డతో ఒత్తి, కడిగి, నాళాన్ని మూసింది. ఆ వెనకాలే తెల్లటి నరం, నా సర్వీసంతా కంటితో చూసినదానికంటే ఎంతో పెద్దగా, స్పష్టంగా కనిపించింది. నేను కెమెరాను కదపకుండా పట్టుకున్నాను.

మర్నాడు రౌండ్లకు వెళ్తే స్వరూప మెడకు కట్టుతో ఇడ్లీ తింటోంది. పక్క మంచం మీద రాజవ్వ వాచిన, తిమ్మిరెక్కిన గడ్డంతో జావ తాగుతోంది.

“మెడకు మచ్చ లేదు గని సారూ, నాకు నోరే లేకపాయె! నా కోడలు నన్ను జూసి నవ్వవట్టె.”

ఇద్దరి గొంతులూ ఖంగుమంటున్నాయి. రాజవ్వ గడ్డలో క్యాన్సర్ లేదని కొన్ని రోజులకు బయాప్సీలో తేలింది.

కొన్ని నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చారు. స్వరూప మచ్చ మెడ ముడతలో కలిసిపోతోంది. వెల్లకిలా హాయిగా పడుకుంటున్నానంది. రాజవ్వకే ఫిర్యాదు ఉంది.

“నాకు ఆపరేషన్ అయిందంటె వాడకట్టుల ఎవలు నమ్మలే సారూ. పండ్లు తెచ్చినోళ్లంత కోడలి దిక్కే పోయిండ్రు.”

సమీరా నవ్వాపుకోలేక కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లింది.

ఆ తర్వాత మా యూనిట్‌లో రెండు పద్ధతులూ నడిచాయి. గడ్డ ఎంత ఉంది, ఎక్కడిదాకా దిగింది అన్నది స్కాన్‌లో చూశాకే పద్ధతి మాట ఎత్తేవాళ్లం. రెండూ కుదిరే చోట రోగినే అడిగేవాళ్లం, వయసు చూసి మేమే ఊహించుకోకుండా. నోటి దారిలో మచ్చ తప్పుతుంది, కానీ సమయం ఎక్కువ పడుతుంది, గడ్డం కొన్నాళ్లు తిమ్మిరిగా ఉంటుంది. కోతలో మచ్చ పడుతుంది, కానీ ఎంత పెద్ద గడ్డకైనా చెయ్యి అందుతుంది. ఏ దారిన వెళ్లినా నరం అదే, జాగ్రత్త అదే.