ఇరవై అంగుళాల చక్రాలూ, మా వదినా

మా వదినకు పట్టుదల ఎక్కువని మర్యాదగా చెప్పేవాళ్ళున్నారు. నేను అలా చెప్పను. ఆవిడ మొండిఘటం. పద్దెనిమిదేళ్ళు ఒకే షెడ్డులో పక్కపక్కన పనిచేసిన మరిదిని, నాకు తెలియదా?

మాది టైర్లు మార్చి, చక్రాల అలైన్‌మెంట్ చేసే షెడ్డు. మొదలుపెట్టింది అన్నయ్య. నడుము దెబ్బతిని అన్నయ్య షెడ్డు మధ్య తవ్విన గుంటలోకి దిగలేకపోయిన రోజున, ఇక కార్ల కింద దూరి పనిచేసేదెవరా అని నేను తల పట్టుకుని కూర్చుంటే, వదిన అన్నయ్య ఖాకీ చొక్కా తొడుక్కుని చకచకా మెట్లు దిగిపోయింది. అంతకుముందు ఆరేళ్ళు అన్నయ్యకు క్యారియరు తెచ్చి, గుంట గట్టు మీద కూర్చుని చూసిందే ఆవిడ చదువు. మొదటిరోజే ఒకాయన, "ఆడమనిషి బిగించిన నట్లతో నేను బండి నడపాలా?" అని ఒంటికాలి మీద లేచాడు. వదిన కింది నుంచే, "ఎవరు బిగించారో నట్టుకు తెలుస్తుందటండీ?" అంది. ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. మూడు నెలలకు తిరిగొచ్చాడు. ఇప్పటికీ వస్తున్నాడు.

ఆవిడ జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. టైరు మీద అడ్డంగా గీత గీసి, బండిని వీధి చివరిదాకా నడిపించి, గీత ఎక్కడ అరిగిందో వంగి చూస్తుంది. రబ్బరు నేలను ఎక్కడ పట్టుకుందో, ఎక్కడ వదిలేసిందో అందులో తెలిసిపోతుంది. అందుకే పనివాళ్ళు ఆవిణ్ణి సుద్దమ్మ అంటారు, ఎదురుగా మాత్రం కాదు. ఆవిడ సంతకం పెట్టిన చీటీ అద్దానికి వేలాడితేనే బండి మా గేటు దాటాలి. ఆ పద్ధతి అన్నయ్య పెట్టాడు. దాంతో వచ్చే తలనొప్పి నాకు మిగిల్చాడు.

పెద్ద చక్రాలు అమ్ముదామన్న ఆలోచన నాదే. మొదటి బేరం పళ్ళ డాక్టరుగారిది. ఆయనది రెండే తలుపులున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు. పద్దెనిమిది అంగుళాల చక్రాలు తీసి ఇరవై అంగుళాలవి వేయమన్నారు. మావాళ్ళు వేశారు. అబ్బ, ఏం అందం! నేనే దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను.

వదిన పాత చక్రాన్నీ కొత్త చక్రాన్నీ తూకం వేసి, లెక్క గోడ మీద సుద్దతో రాసింది. "ఒక్కోటి నాలుగు కిలోలు ఎక్కువ. పైన రబ్బరు చూడు, అట్టముక్కలా ఉంది. గతుకులో సగం దెబ్బ కాచేది ఆ రబ్బరే. నేను సంతకం పెట్టను."

"అదేంటమ్మా, పెద్ద చక్రాలైతే బండి రోడ్డును ఇంకా గట్టిగా పట్టుకుంటుందట కదా?" అన్నారు డాక్టరుగారు.

"నున్నటి నేల మీద పట్టుకుంటుందండీ. మీ ఇంటిదారి నున్నగా ఉందా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఈ షెడ్డు ఎవరిది వదినా?" అనేశాను. అనకూడని మాట. నోరు జారాక ఏం లాభం? పనివాళ్ళు చేతిలో పనులు ఆపేశారు.

వదిన తాపీగా చేతులు తుడుచుకుంది. "సరే, పందెం. రెండు రకాల చక్రాలతో ఒకే మనిషి నడపాలి. పెద్దవి గెలిస్తే నేనీ గుంటలోకి మళ్ళీ దిగను. చిన్నవి గెలిస్తే నువ్వా మాట మళ్ళీ అనకు. ఎక్కడ నడపాలో నువ్వే చెప్పు."

అక్కడే నేను తెలివి చూపించాను. మూతపడ్డ సినిమాహాలు వెనక, అద్దంలా ఉండే కాంక్రీటు నేల చెప్పాను. మర్నాడు పొద్దున్నే అక్కడ ఎనిమిది ఖాళీ ఆయిలు డబ్బాలు వరసగా పెట్టాం. డాక్టరుగారు వాటి మధ్య నుంచి మెలికలు తిప్పుతూ నడిపారు. చిన్న చక్రాలతో ముప్ఫై ఒకటిన్నర సెకన్లు. పెద్దవాటితో ముప్ఫైన్నర.

"చెప్పగానే తిరుగుతోంది, బాగుంది," అంది వదిన. ఒప్పుకోవడానికి ఆవిడకెప్పుడూ నామోషీ లేదు. "ఓడిపోయాను." ఖాకీ చొక్కా విప్పి, మడతపెట్టి నా చేతికిచ్చింది.

"మరి చీటీ మీద సంతకం?"

"పందెం కాసింది గుంట మీద. సంతకం మీద కాదు. చచ్చినా పెట్టను."

"అయితే నేనే పెడతా!"

"పెట్టు. నీకు మాత్రం చెయ్యి లేదా? పెట్టేముందు మిల్లు రోడ్డు మలుపులో అరవై మీద ఒక్కసారి తిరిగి రా. డాక్టరుగారు రోజూ వెళ్ళేది అటే కదా."

వెళ్ళాను, పంతానికి. డాక్టరుగారు పక్కన కూర్చున్నారు. మలుపులో స్టీరింగు ఇలా తిప్పానో లేదో, బండి ముక్కు అలా లోపలికి తిరిగింది. "చూశారా!" అన్నాను. మిల్లు రోడ్డంతా అతుకుల బొంత. మొదటి అతుకు తగలగానే ముందు చక్రం ఎగిరింది. చేతిలో స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోయింది. అంటే టైరు నేల మీద లేదు. బండి పక్కకు గెంతింది, దిగింది, మళ్ళీ గెంతింది. ఎదురుగా పాల వ్యాను. బ్రేకు మీద దాదాపు లేచి నిలబడ్డాను. ఆ వ్యాను డ్రైవరు పక్కకు తిప్పాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ సంగతి వదినే చెప్పాల్సి వచ్చేది. నా పైప్రాణాలు పైనే పోయాయి. జీవితమంతా ఇతరుల నోళ్ళు తెరిపించిన డాక్టరుగారు తన నోరు మూయడం మరిచిపోయారు.

వంకరపోయిన చక్రంతో నత్తనడకన షెడ్డుకు చేరాం. వదిన గట్టు మీద కూర్చుని ఉంది.

"ఇవి తీసెయ్యాలి వదినా. గుంటలోకి దిగు."

"దిగను."

"తప్పు నాదే అంటున్నా కదా! కావాలనే అలాంటి నేల చెప్పాను."

"తెలుసు. నువ్వు చెప్పినప్పుడే తెలుసు. అయినా సరే అన్నాను. మాటంటే మాటే."

బతిమాలాను. అరిచాను. అన్నయ్యకు ఫోను చేశాను. "మీ వదినను ఇవాళే చూస్తున్నావా?" అని పెట్టేశాడు.

చివరికి ఆ ఖాకీ చొక్కా నేనే తొడుక్కున్నాను. భుజాల దగ్గర పట్టేసింది. చమటలు కక్కుతూ నేను కింద పనిచేస్తుంటే పైనుంచి వదిన, "ఎడమవైపు ఇంకో అర చుట్టు. కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అంటూనే ఉంది. పాత చక్రాలు ఎక్కాక సుద్దగీత గీసి, బండి నడిపించి, వంగి చూసి, మళ్ళీ విప్పించింది. మూడోసారికి గానీ చీటీ మీద సంతకం పెట్టలేదు.

ఆరేళ్ళయింది. ఆవిడ గుంటలోకి దిగలేదు, నేను పైకి రాలేదు. మొన్నొకాయన గట్టు మీద నిలబడి, "ఈ షెడ్డు ఎవరిదయ్యా? పెద్ద చక్రాలు వేయించాలి," అన్నాడు.

గ్రీజు చేత్తోనే పైకి చూపించాను. "ఆవిడదండీ. ముందు మీ ఇంటిరోడ్డు ఎలా ఉందో చెప్పండి."