అల్ ఖౌద్ విల్లాలో విచారణ

సారాది పాలకొల్లు దగ్గర పల్లె. నర్సింగ్ చదివి, ఏడేళ్లు ఆసుపత్రుల్లో చేసి, పెళ్లయ్యాక భర్త ఫెలిక్స్ వెనకాలే ఒమన్ వచ్చింది. అతనికి రుసైల్‌లో ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పని. ఆమెకు ఆసుపత్రి ఉద్యోగం ఇంకా కుదరకముందే అల్ ఖౌద్‌లోని ఒక పెద్ద విల్లా నుంచి కబురొచ్చింది. పక్షవాతంతో మంచాన పడ్డ ముసలావిణ్ణి చూసుకోవాలి. 2008 వేసవి అది.

ఆ ముసలావిడ కొడుకు ఒకప్పుడు ఒక దేశానికి అధ్యక్షుడు. సముద్రానికి అవతల ఎక్కడో చిన్న దేశం, పేరు చెప్పినా మనవాళ్లకి తెలీదు. అంతకుముందు లాయరట. సైన్యం గద్దె దింపేస్తే తల్లినీ భార్యనీ వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి తలదాచుకున్నాడు. పదవి పోయినా పిలుపు పోలేదు, పనివాళ్లందరికీ ఆయన ప్రెసిడెంట్ సారే.

మొదట్లో సారాకి ఆయనంటే ఎంత గౌరవమో! పొద్దున్నే ఎదురుపడితే "గుడ్ మార్నింగ్ సిస్టర్" అని లేచి నిలబడేవాడు. తల్లికి తనే చెంచాతో జావ పట్టేవాడు. సారా రూమ్‌కెళ్లి ఫెలిక్స్ దగ్గర మురిసిపోయేది.

"దేశాన్ని ఏలిన మనిషండీ! మా ఊళ్లో వార్డు మెంబరు కూడా మనల్ని కూర్చోమనడు."

ఆ ఇంట్లో వంట గంగులమ్మది. రాయచోటి వైపు మనిషి, సారా కంటే పదిహేనేళ్లు పెద్ద. అంతకుముందు చేసిన ఇళ్లల్లో నేర్చుకున్న నాలుగు అరబ్బీ ముక్కలు ఈ ఇంట్లో పనికిరాలేదు. వీళ్లు మాట్లాడితే ఇంగ్లీషు, లేదంటే వాళ్ల భాష. అందుకే సారా డ్యూటీకి రాగానే గంగులమ్మకి ప్రాణం లేచొచ్చేది.

ఒక మధ్యాహ్నం ఇంటికి చుట్టాలొచ్చారు. ముసలావిడ కోసం జావ వడకట్టడానికి సారా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. లోపల సార్ భార్య, మేడమ్, అరుస్తోంది. చేప ముక్కలు మాడాయట. సారా చూస్తుండగానే ఆవిడ గరిటె లాక్కుని, కాగుతున్న నూనె తీసి గంగులమ్మ చేతి మీద పోసింది. గంగులమ్మ కెవ్వుమని రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంటే మళ్లీ పోసింది. తరవాత గరిటె పొయ్యి పక్కన పెట్టి, చీకాకుగా వేళ్లు తుడుచుకుని చుట్టాల దగ్గరికి వెళ్లిపోయింది.

సారా గంగులమ్మ చేతుల్ని కుళాయి కింద పెట్టింది. మందు రాసి కట్టు కట్టింది. కట్టేటప్పుడే అనుకుంది, సార్‌కి చెబితే ఊరుకోడని.

నిజంగానే ఆయన ఊరుకోలేదు. విని, బాధపడి, "నా ఇంట్లో అన్యాయం జరగనివ్వను సిస్టర్. రేపు సాయంత్రం విచారిస్తాను" అన్నాడు.

మర్నాడు కోటు వేసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక పక్క మేడమ్. ఎదురుగా గంగులమ్మ నిలబడింది. ఆమె చెప్పింది సారా ఇంగ్లీషులో చెప్పాలి.

"చేప నల్లగైందని ఆయమ్మ కాగే నూనె నా చేతి మింద పోసింది సామీ. చెయ్యి అడ్డం పెట్టుకుంటే దాని మింద గూడా పోసింది. అంతే, ఇంగేం లేదు."

సారా చెప్పింది. మేడమ్ తల అడ్డంగా ఊపింది. "అబద్ధం. పెనం తనే తిరగేసుకుంది."

"చూసినవాళ్లున్నారా?" అన్నాడాయన.

"నేనే చూశాను సార్. గుమ్మంలోనే ఉన్నాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "సిస్టర్, ఆమె మాట నాకు చేరవేసేదీ మీరే, సాక్ష్యం చెప్పేదీ మీరేనా? ఏ కోర్టూ ఒప్పుకోదు. రెండిట్లో ఒకటి ఎంచుకోండి."

"అయితే సాక్ష్యమే చెబుతాను."

"మంచిది. కానీ ఇందాక ఆమె చెప్పిందంతా మీ నోటి నుంచి వచ్చింది. దాన్ని లెక్కలోకి తీసుకోలేను. మళ్లీ ఇంకెవరి చేతనైనా చెప్పించాలి."

ఆ ఇంట్లో తెలుగొచ్చినవాళ్లు ఇంకెవరున్నారు? "మా ఆయన్ని పిలిపిస్తాను సార్."

"సాక్షి భర్తనా?" ఆయన నవ్వాడు. మేడమ్ కూడా నవ్వింది.

తీర్పు అక్కడే చెప్పేశాడు. సాక్షి ఉంది కానీ ఫిర్యాదు లేదు. కాబట్టి అది ప్రమాదం. యజమానురాలి మీద నింద మోపినందుకు వంటమనిషి క్షమాపణ చెప్పాలి. పేదరాలు కనక వేరే శిక్ష లేదు.

"ఇది ఆమెకి చెప్పండి సిస్టర్."

ఇప్పుడు మాత్రం సారా నోరు పనికొచ్చింది! ఏడేళ్లుగా పుళ్లు కడిగిన మనిషి, చీముకి గానీ రక్తానికి గానీ ఎప్పుడూ ముఖం తిప్పుకోలేదు. ఆ మెత్తటి గొంతు మాత్రం ఒంటి మీద జిగటగా ఏదో పాకినట్టనిపించింది.

"ఏమంటాండాడు పాపా?"

సారా దాచకుండా చెప్పింది. గంగులమ్మ కట్లు కట్టిన చేతుల వంక చూసుకుంది.

"కాల్చినామెకు కాలినామె మొక్కల్లనా? నేను మొక్కను. చెప్పు ఆయప్పకి." అంటూనే వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఆమె క్షమాపణ చెప్పదట సార్."

"అది ఆమె మాటా, మీ మాటా?"

"ఇద్దరిదీను."

ఆయన నిట్టూర్చి లేచాడు, ఏదో తనకే అన్యాయం జరిగినట్టు.

ఆ రాత్రే మానేద్దామనుకుంది సారా. కానీ మంచంలో ఉన్న ముసలావిడ ఏం చేసింది? నోట మాట లేదు, పక్కకి తిప్పేవాళ్లు లేకపోతే ఒళ్లంతా పుండవుతుంది. అందుకని వెళ్లింది. ఆ ఇంట్లో నీళ్లు కూడా తాగేది కాదు, సీసాలో తెచ్చుకునేది. "గుడ్ మార్నింగ్ సిస్టర్" అని ఆయన లేచి నిలబడితే గోడ వైపు చూస్తూ పోయేది. గంగులమ్మకి మానే దారే లేదు, వీసా వాళ్ల చేతిలో ఉంది.

చలికాలం వచ్చేసరికి వాళ్ల దేశంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. పాత అధ్యక్షుణ్ణి పిలిచి హైకోర్టు జడ్జీ పదవి ఇస్తామంది. విల్లాలో విందు. వచ్చినవాళ్లందరూ ఆయన్ని కౌగిలించుకుని, న్యాయం ఇన్నాళ్లకి సరైన చేతుల్లో పడిందన్నారు. ఆయన స్వయంగా హల్వా ముక్క తెచ్చి సారా అరచేతిలో పెట్టాడు.

"నా కోసం ప్రార్థన చెయ్యండి సిస్టర్."

"మీ కోర్టుకొచ్చే వాళ్ల కోసం చేస్తాను సార్."

ఆయనకి అర్థం కాలేదు. "బాగా చెప్పారు" అని మెచ్చుకుని ఇంకో అతిథి దగ్గరికి వెళ్లాడు. సారా బయటికొచ్చి ముక్కని చెత్తడబ్బాలో వేసి, ఆపరేషన్ గదిలోకి వెళ్లేముందు కడుక్కున్నట్టు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. అయినా నెయ్యి వాసన పోలేదు.

ప్రయాణం తొందరలో వాళ్లు పనివాళ్లందరినీ వేరే చోటికి మారనిచ్చారు. సారాకి అల్ ఖౌద్‌లోనే ఒక చిన్న క్లినిక్‌లో పని దొరికింది. దరఖాస్తు పెట్టేటప్పుడు ఫెలిక్స్ అన్నాడు, "జడ్జీగారింట్లో చేశానని రాయి సారా, విలువుంటుంది."

"వద్దండీ. నా పేరు పక్కన ఆ పేరు చూడలేను. కంపరం."

గంగులమ్మ బర్కాలో ఒక తోట యజమాని ఇంట్లో కుదిరింది. ఒక శుక్రవారం సారా, ఫెలిక్స్ చూడ్డానికెళ్లారు. కుడిచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోయి ఇక చాపుకోవు. చపాతీ పిండి మిగతా వేళ్లతోనే పిసుకుతోంది. ఈ ఇంటి ముసలమ్మ మంచిదని, తనని పక్కనే కూర్చోబెట్టుకుని తింటుందని చెప్పింది.

"ఆయప్ప పోయినాడా పాపా?"

"పోయాడక్కా. జడ్జీ అయ్యాడు. నల్ల గౌను వేసుకున్న ఫోటో పేపర్లో వేశారు."

గంగులమ్మ పిండి మీంచి చెయ్యి తీసింది. తలుపు దాకా నడిచి, బయట ఇసకలో తుపుక్కున ఊసింది. తిరిగొచ్చి ముద్ద చేతిలోకి తీసుకుని, "పెనం పెట్టు పాపా, మీ ఆయనకి ఆకలైతాంటాది" అంది.